మీకు ఆమె ఏమవుతుంది?

ఫిబ్రవరి 6, 2024

స్వరూపకు ఇవాళ మూడో డయాలసిస్. నాలుగు గంటలు పట్టింది. పొద్దున బౌద్ధనగర్‌లో వాళ్లింటికి వెళ్లి స్కూటర్ మీద ఎక్కించుకుని తీసుకుపోయాను, మధ్యాహ్నం మళ్లీ దింపాను. తిరిగి వస్తుంటే దారిలో బండి ఆపమంది. రోడ్డు పక్కన వాంతి చేసుకుంది. నేను నీళ్ల సీసా మూత తీసేలోగా మూతి తుడుచుకుని మళ్లీ ఎక్కి కూర్చుంది.

"జల్ది పోనియ్యండి సార్. మా కాలేజీ పిల్లలు చూస్తే కెమిస్ట్రీ మేడం తాగిందనుకుంటరు."

నవ్వాను. ముప్పై రెండేళ్లకే రెండు కిడ్నీలూ పోయాయి. తిరిగి రావని డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఎవరైనా ఇవ్వాలి. తల్లి సారలమ్మకు షుగరు, పనికిరాదు. తండ్రి సమ్మయ్య పోయి పదేళ్లు. చనిపోయిన వాళ్ల నుంచి వచ్చే కిడ్నీ కోసం పేరు రాయించాము, దానికి ఎన్నేళ్లయినా పట్టవచ్చట.

నాది ఓ పాజిటివ్. స్వరూపదీ అదే. ఈ సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు.

ఫిబ్రవరి 8

స్వరూపకు చెప్పాను. ముందు నవ్వింది. తర్వాత కోప్పడింది. బెడ్ మీద అటు తిరిగి పడుకుని నాలుగు గంటలూ నాతో మాట్లాడలేదు. పరవాలేదు, ఒప్పుకుంటుంది.

ఫిబ్రవరి 20

అన్నపూర్ణకు చెప్పాను. అంటే, రాసి ఇచ్చాను. పెళ్లయిన ఇరవై నాలుగేళ్లుగా కష్టమైన సంగతి ఏదైనా కాగితం మీద రాసి ఇవ్వడమే నాకు అలవాటు. నోటితో చెప్పబోతే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతాను. ఆ నత్తి చూడలేక అన్నపూర్ణే మొదట్లో ఒకసారి "రాసియ్యి, చదువుకుంటా" అంది.

పొయ్యి దగ్గర నిలబడే చదివింది. మడిచి జాకెట్లో పెట్టుకుంది.

"మౌనిక?" అని ఒక్క మాట అడిగింది.

మా అమ్మాయి ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం. నేను బాగానే ఉంటాను, ఒక్క కిడ్నీతో మనుషులు డెబ్భై ఎనభై ఏళ్లు బతుకుతున్నారు అని ఇంకో కాగితం మీద రాసి ఇచ్చాను. దాన్ని చదవలేదు.

అర్థం చేసుకుంటుంది. అన్నపూర్ణది మంచి మనసు.

మార్చి 12

పరీక్షలన్నీ అయ్యాయి. అన్నీ కలిశాయి. నా వయసుకు కిడ్నీలు చాలా బాగున్నాయని డాక్టరు మెచ్చుకున్నాడు. యాభై ఎనిమిదేళ్లలో నాలో ఏదైనా బాగుందని ఒకరు అనడం ఇదే మొదటిసారి.

మార్చి 14

ఫారాలు మౌనిక నింపుతోంది. రక్తసంబంధం లేనివాళ్లు కిడ్నీ ఇవ్వాలంటే ఆసుపత్రిలో ఒక కమిటీ ఒప్పుకోవాలట. డబ్బుకు అమ్ముకోవడం లేదని, ఇద్దరి మధ్యా నిజంగా ఆప్యాయత ఉందని చూపించాలట. భార్య సంతకం కావాలి. ఫొటోలు కావాలి. పరిచయం ఎలా అయిందో ఒక పేజీ రాసివ్వాలి.

"నాన్నా, రోగి దాతకు ఏమవుతారు అని ఉంది ఇక్కడ. ఏం పెట్టాల?" అని అడిగింది మౌనిక.

నేను నోరు తెరిచాను. అది ఫోన్ వైపు చూస్తూ కాసేపు ఆగి, "సరే, ఖాళీగా పెడ్తాలే" అంది.

మార్చి 17

ఇది కమిటీకి ఇచ్చే పేజీ కాదు. దానిలో "1999 నుండి పరిచయం, విద్యకు ప్రోత్సాహం" అని రాశాను. అలాగే రాయాలని మౌనిక చెప్పింది. అసలు జరిగింది ఇక్కడ రాసుకుంటాను.

అప్పటికి నేను యూనివర్సిటీలో చేరి నాలుగేళ్లు. కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ వెనక గాజు పనికి ఒక గది ఉంది. ప్రయోగాలకు కావలసిన ఫ్లాస్కులు, గొట్టాలు మంట మీద కరిగించి, ఊది, అతికించే పని నాది. ప్రొద్దుటూరు యాస, దాని మీద నత్తి. స్కాలర్లు వచ్చి కాగితం మీద బొమ్మ గీసి, బల్ల మీద పెట్టి వెళ్లేవారు. మాట్లాడాల్సిన అవసరం లేదు కాబట్టే ఆ ఉద్యోగం నాకు నచ్చింది.

సారలమ్మ ఆ బిల్డింగు ఊడ్చేది. జనగామ దగ్గర పల్లెలో స్వరూపను పెంచుతున్న ముసలమ్మ చనిపోవడంతో పిల్లను ఇక్కడికి తెచ్చుకుంది. ఏడేళ్లు. బడి లేదు. తల్లి పని అయ్యేదాకా నా గది గడపలో కూర్చునేది. మూడో రోజో నాలుగో రోజో అడిగింది.

"నిప్పుల పెడ్తే గాజు పగలాలె గద. పగల్తలేదేంది?"

చెప్పబోయాను. "గ" దగ్గర ఇరుక్కుపోయాను. ఎంతసేపో తెలియదు. పెద్దవాళ్లయితే జాలిపడి ఆ మాటేదో వాళ్లే అందిస్తారు, లేదా గోడ వైపు చూస్తారు. ఆ పిల్ల రెండూ చేయలేదు. కళ్లు పెద్దవి చేసుకుని, చివరికి ఏం వస్తుందా అని నా నోటి వైపే చూసింది. "గట్టిది" అని వచ్చింది. తల ఊపింది. మర్నాడు ఇంకో ప్రశ్న తెచ్చింది.

అలా మొదలైంది. బడిలో నేనే చేర్పించాను. సాయంత్రం పాఠాలు ఆ గడపలోనే చదివేది. నేను పని చేస్తూ వినేవాణ్ని, మధ్యలో ఏదో ఒకటి చెప్పేవాణ్ని. ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల దగ్గర నాకు మాట ఆగడం తగ్గింది. ఎందుకో డాక్టర్లు చెప్పాలి.

పన్నెండేళ్లప్పుడు సమ్మయ్య బడి మాన్పించి హబ్సిగూడలో ఇంటిపనికి పెట్టబోయాడు. నేను వాళ్లింటికి వెళ్లాను. వద్దని చెప్పాలి. ఒక్క అక్షరం రాలేదు. చెమటలు కారుతున్నాయి, మెడ నరాలు ఉబ్బుతున్నాయి, అయినా వెనక్కి రాలేదు. అరగంట అలాగే నిలబడ్డాను. చివరికి సమ్మయ్యే, "సారూ, పానం పోయేటట్టున్నది మీకు. సరే తియ్యుండ్రి, పోనీ బడికి" అన్నాడు. నా జీవితంలో ఒక వాదన గెలవడం అదొక్కసారే.

మా డిపార్ట్‌మెంట్‌లోనే ఎమ్మెస్సీ సీటు వచ్చింది. ఇప్పుడు మల్కాజ్‌గిరిలో ఒక జూనియర్ కాలేజీలో పాఠం చెబుతుంది. చెప్పేది. డయాలసిస్ మొదలయ్యాక సెలవు.

ఇరవై ఐదేళ్లు. ఆమెతో రోజూ మాట్లాడాను. వాళ్లింటికి వందసార్లు వెళ్లి ఉంటాను. తార్నాకలో మా ఇంటికి ఆమె వచ్చింది నాలుగైదు సార్లే. నేనే పిలవలేదు. ఎందుకు పిలవలేదో తెలియదు.

మార్చి 24

ఫొటోలు లేవు. ఇల్లంతా వెతికాను. ఎవరు తీస్తారు మమ్మల్ని? డిపార్ట్‌మెంట్ వీడ్కోలు సభలో తీసినది ఒక్కటి దొరికింది. స్వరూప మధ్యలో ఉంది, నేను చివర్లో. సగం ముఖం, ఒక మోచెయ్యి పడ్డాయి.

ఇవాళ పార్కులో నిలబడి రెండు తీయించుకుందామన్నాను.

"దొంగ ఫొటోలు నాకొద్దు సార్" అంది స్వరూప.

ఏప్రిల్ 2

అన్నపూర్ణ సంతకం పెట్టింది! అడగకుండానే, టిఫిన్ పళ్లెం పక్కన పెట్టి వెళ్లింది. నేను అనుకున్నదే. నెలన్నర పట్టింది, అంతే.

ఏప్రిల్ 10

నిన్న ఉగాది. ఇవాళ అన్నపూర్ణ తనంతట తానే బౌద్ధనగర్ వెళ్లింది. జొన్న రొట్టెలు చేసి పట్టుకుపోయింది. గంటన్నర కూర్చుని వచ్చింది. ఏం మాట్లాడుకున్నారని అడిగాను.

"ఏముంటాది, ఆడోళ్ల మాటలు" అంది.

చాలా సంతోషంగా ఉంది.

ఏప్రిల్ 19

కమిటీ.

ఏసీ గది. బల్లకు అవతల నలుగురు, మూలన వీడియో కెమెరా. మధ్యలో కూర్చున్న డాక్టరమ్మ మర్యాదగానే మాట్లాడింది. చేరిన సంవత్సరం, జీతం, అప్పులు ఉన్నాయా అని అడిగారు. ఒక్కోదానికి ఎంతో సమయం తీసుకున్నాను. చివరన కూర్చున్నాయన గడియారం చూసుకున్నాడు. నత్తి ఉందని ఫారంలో రాయాల్సింది. మనిషి తడబడితే అబద్ధం చెబుతున్నాడనే ఎవరైనా అనుకుంటారు.

"ఎవరైనా డబ్బు ఇస్తామన్నారా?"

తల అడ్డంగా ఊపాను.

"మాటల్లో చెప్పండి. రికార్డు అవుతోంది."

"ల్... ల్... లేదు."

"అయితే ఎందుకిస్తున్నారు? ఆ అమ్మాయి మీకు ఏమవుతుంది?"

స్నేహితురాలు. నెల రోజులుగా అద్దం ముందు అనుకుంటున్న మాట. స్ దగ్గర నాలుక పళ్లకు అంటుకుపోయింది. నలుగురూ చూస్తున్నారు. నేను చిన్నప్పటి నుంచీ చేసే పనే చేశాను. రాని మాట వదిలేసి వచ్చే మాట పట్టుకున్నాను.

"తెలిసినమ్మాయి," అన్నాను.

డాక్టరమ్మ రాసుకుంది. నన్ను బయటికి పంపి స్వరూపను పిలిచారు. ఆమె ఐదు నిమిషాల్లో వచ్చేసింది.

ఏప్రిల్ 20

తెలిసినమ్మాయి.

ఏప్రిల్ 22

తెలిసినమ్మాయి అన్నాను.

ఏప్రిల్ 26

ఉత్తరం వచ్చింది. తిరస్కరించారు. నా ఒక్క మాటతో ఆ పిల్ల ప్రాణం తీశాను అనుకుంటూ గడపలోనే కూలబడ్డాను. మౌనిక ఉత్తరం తీసుకుని చివరిదాకా చదివింది.

"నీ వల్ల కాదు నాన్నా. ఇది చూడు."

రెండో పేరాలో ఉంది. దాతతో తనకు చెప్పుకోదగ్గ పరిచయం లేదని, ఆయన ఎందుకు ముందుకు వచ్చారో తనకు అర్థం కావడం లేదని రోగి స్వయంగా వాంగ్మూలం ఇచ్చినందున.

ఆరుసార్లు చదివాను.

ఏప్రిల్ 27

స్వరూప పక్కన డయాలసిస్ మిషను తిరుగుతోంది. స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"వాళ్లకు ఏం చెప్పినావు అమ్మీ?"

"మా అమ్మ పనిచేసిన కాడ ఉండే సారని, ఎదురుపడితే నమస్తే పెడ్తనని చెప్పిన." అడిగింది. "మీరేం చెప్పిండ్రు?"

"తెలిసినమ్మాయి అన్నా."

పగలబడి నవ్వింది. నర్సు వచ్చి గొట్టం కదులుతోందని కసిరింది.

"అయితే ఇద్దరం ఒక్క తీర్గనే చెప్పినం గద సార్!"

నాకు నవ్వు రాలేదు. పైకి అప్పీలు చేసుకోవడానికి నెల రోజుల గడువు ఉందని, ఇద్దరం సంతకం పెట్టాలని చెప్పాను.

"నేను పెట్ట."

"ఎందుకు?"

"మీకేమన్న అయితే నేను బతికి ఏం చేసుకోవాలె? రోజు పొద్దున లేచి, గాయన ఇచ్చిండు, గాయన ఇంట్ల గీ గోస అయింది అనుకుంట బతకాల్నా?"

"ఏమీ కాదు."

"కాదని మీకు తెల్సా? ఇంకొకటి చెప్పాల్నా? మీరు నాకోసం ఇస్తలేరు సార్. నేను పోతే మీకు మాట్లాడెతందుకు మనిషి ఉండదు. గందుకే ఇస్తున్నరు. ఇంట్ల మౌనిక ఉన్నది. ఇరవై రెండేండ్ల పిల్ల. ఆమెతోని ఎన్నడన్న కూసోని పది మాటలు మాట్లాడిండ్రా?"

దీనికి జవాబు ఇక్కడ కూడా రాయను.

మే 26

నెల రోజులు అయిపోయాయి. స్వరూప సంతకం పెట్టలేదు.

మే 30

భోజనం దగ్గర అన్నం పళ్లెం తోసేశాను. అన్నపూర్ణ మౌనికను లోపలికి పంపి నా ఎదురుగా కూర్చుంది.

"ఆ పిల్ల మీద కోపం పెట్టుకోగాకు. నేనే అడిగినా."

ఏమిటన్నట్టు చూశాను.

"నువ్వు అడిగినావని సంతకం పెట్టినా. పెట్టకపోతే జన్మంతా నా ముఖం చూడవని పెట్టినా. ఉగాది మర్నాడు పోయి ఆ పిల్ల చేతులు పట్టుకున్నా. మా ఇంట్లో సంపాదించే మనిషి ఆయనొక్కడే, నా బిడ్డ చదువు కాలేదు, నువ్వన్నా వద్దను తల్లీ అని ఏడ్సినా. ఏమంటావో అను. కొడ్తావా, కొట్టు."

ఏమీ అనలేదు. కాగితం కూడా రాయలేదు. చెప్పులేసుకుని తార్నాక చౌరస్తా దాకా నడిచి, మెట్రో మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. ఇరవై నాలుగేళ్లలో అన్నపూర్ణ నన్ను అడిగింది ఏమిటా అని ఆలోచించాను. ఒకటి కూడా గుర్తుకు రాలేదు. అడగాల్సి వచ్చినప్పుడు కూడా నన్ను అడగలేదు.

జూన్ 4

స్వరూపను అడిగాను.

"ఆమె రాకముందుకే వద్దనుకున్న సార్. ఆమె వచ్చి అడిగితే పని అల్కగైంది, గంతే. ఆమెను ఏమనకుండ్రి."

స్వరూప నాతో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. కానీ కమిటీ ముందు అంత తేలికగా చెప్పగలిగింది కదా. ఇప్పుడు ఏది నిజమో నాకు తెలియడం లేదు.

జూన్ 29

అన్నపూర్ణతో మాట్లాడడం లేదు. నేను మాట్లాడకపోవడం ఇంట్లో ఎవరికీ పెద్ద తేడాగా అనిపించదు. అన్నపూర్ణకు మాత్రం తెలుస్తోంది.

జూలై 18

డయాలసిస్ సూదులు గుచ్చే చేతి నరం మూసుకుపోయింది. మెడ దగ్గర గొట్టం వేశారు. జ్వరం.

జూలై 27

జ్వరం తగ్గింది. బాగానే ఉంది. రెండు ముద్దలు తిన్నది.

ఆగస్టు 11

ఆదివారం. క్యాంపస్ చూపించమని అడిగితే తీసుకుపోయాను. వాన పడి ఆగింది. స్కూటర్ మీద నా వీపుకు తల ఆనించి కూర్చుంది. ఇంత తేలికగా ఎప్పుడైపోయిందో.

డిపార్ట్‌మెంట్ మూసి ఉంది, నా గది తాళం నా దగ్గరే ఉంటుంది. ఈ గదికి నా తర్వాత ఎవరూ రారు. ఇప్పుడు గాజు సామాను అంతా కంపెనీల నుంచి కొంటున్నారు. ఆ మాట చెబితే, "మంచిగైంది. మీ లెక్క ఇంకొకలు గీ రూముల బందీ కారు" అంది.

"చలి పెడ్తున్నది. బర్నర్ ముట్టియ్యరాదు?"

ఆగస్టులో చలి. ఒంట్లో రక్తం లేదు. బర్నర్ వెలిగించి కుర్చీ దగ్గరగా జరిపాను. చేతులు చాచి వేడి కాచుకుంది. ఏదైనా చేసి చూపించనా అన్నాను. వద్దంది. ఊరికే మండనీ అంది. కాసేపటికి గోడకు తల వాల్చి నిద్రపోయింది. గంటసేపు మంట ఆర్పలేదు. నా ఉద్యోగంలో ఏమీ చేయకుండా గ్యాసు కాల్చింది ఇవాళే.

లేచాక అంది, "సార్, ఇగ గొట్టాలు మార్చుకుంట మార్చుకుంట ఎన్ని దినాలు? అమ్మకు చెప్పకుండ్రి గని, నాకు యాష్టకొచ్చింది."

నాకు అర్థమైంది. అర్థం కానట్టు మంగళవారం ఎన్నింటికి రావాలో అడిగాను.

ఆగస్టు 24

మళ్లీ జ్వరం. ఇది మామూలుదే అంటున్నారు.

సెప్టెంబర్ 5

రక్తంలో ఇన్ఫెక్షన్. ఐసీయూ. ఒక్కరినే లోపలికి పంపుతారు. సారలమ్మ వెళ్లింది. నేను బయట.

సెప్టెంబర్ 7

సారలమ్మ నన్ను పంపించింది. స్వరూప నోట్లో గొట్టం ఉంది, మాట లేదు. నేను మాట్లాడాను. కాలేజీ సంగతులు, వాన సంగతులు, వినాయక చవితి మైకుల గోల, నోటికి వచ్చిందల్లా. ఒక్కచోట కూడా ఆగలేదు. కళ్లు తెరిచే ఉంది. వింది.

సెప్టెంబర్ 9

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు.

సెప్టెంబర్ 10

నిన్న సాయంత్రమే అంత్యక్రియలు అయిపోయాయి. కాలేజీ పిల్లలు ఇరవై మంది దాకా వచ్చారు. మౌనిక వచ్చి నా చెయ్యి పట్టుకుని నిలబడింది.

సెప్టెంబర్ 17

పనికి వెళ్లాను. వచ్చాను.

సెప్టెంబర్ 29

దినాలు అయిపోయి చుట్టాలు వెళ్లిపోయారు, ఇప్పుడు సారలమ్మ ఒక్కతే ఉంటుందని ఇవాళ బయలుదేరాను. చెప్పులేసుకుంటుంటే అన్నపూర్ణ చీర మార్చుకుని వచ్చింది.

"నేనూ వస్తా."

నాలుగు నెలలుగా మా మధ్య మాటల్లేవు. వద్దనలేదు, రమ్మనలేదు. వెనక ఎక్కి కూర్చుంది.

సారలమ్మ తలుపు దగ్గర గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది, వెనక అన్నపూర్ణను చూసి మళ్లీ కూర్చుంది. అన్నపూర్ణ ఆమె ఎదురుగా కింద కూర్చుంది. ఇంత చేస్తుందని నేను అనుకోలేదు.

"సారలమ్మా, నీకొక మాట చెప్పాల. ఉగాదప్పుడు నేనొచ్చినా కదా. ఆయన కిడ్నీ తీసుకోవద్దని నీ బిడ్డను అడిగింది నేనే. ఆ రోజు నువ్వు నీళ్లకు పోయింటివి."

బయట ఎవరో బిందె కడుగుతున్నారు.

"ఎరుకే అమ్మా. నువ్వు పోంగనే చెప్పింది నా బిడ్డ. కిడ్నీ తీస్కుంటే తీస్కో, లేకుంటే లే, నీ ఇష్టమన్న నేను. నా పెనిమిటి గట్ల ఇస్తనంటే నేను గూడ గట్లనే అడుగుదును."

అన్నపూర్ణ ఏడ్చింది. సారలమ్మ ఏడవలేదు.

"గని నేను దాని తల్లిని. నిన్ను చూస్తే నా కడుపుల మండుతనే ఉంటది. నేను సచ్చేదాక అది పోదు. దానికి నువ్వేం చెయ్యలేవు, నేనేం చెయ్యలేను."

"మండనీ. నేను వస్తాంటా," అంది అన్నపూర్ణ.

సారలమ్మ నా వైపు తిరిగింది.

"సారూ, పొద్దుగాల సంది ఏం తినలే. పొయ్యి ముట్టియ్య మనసైతలేదు."

నేను లేవబోయేలోగా అన్నపూర్ణ లేచింది. బియ్యం ఎక్కడున్నాయని అడిగింది. సారలమ్మ ఆమె వైపు చూడకుండానే వంటింటి మూల చూపించింది. అన్నం, చారు చేసింది. ముగ్గురం కింద కూర్చున్నాం. సారలమ్మ నాలుగు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంది. చారులో ఉప్పు ఎక్కువైంది, ఎవరూ అనలేదు.

తిరిగి వచ్చేటప్పుడు అన్నపూర్ణ అడిగింది, మళ్లీ ఎప్పుడు వెళ్దామని.

"మ... మ... మంగళవారం," అన్నాను.